వాళ్లు వారం తరవాత కారు తిరిగిచ్చేస్తారు

నలభై ఒకటో ఏట నాకు స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలనిపించింది. ఇంట్లో ఆ మాట అన్న రోజు మా ఆయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. "ఇద్దరే పట్టే కారా? మరి అమ్మాయి?" అన్నారు తాపీగా. అమ్మాయికి అప్పుడు పదమూడేళ్లు. "ఇద్దరంటే అమ్మా నేనూ" అంది తడుముకోకుండా. అలా నాకు ఒక ఓటు పడింది.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కేరీ పట్టణంలో. తెలుగువాళ్లకు కొదవలేని ఊరు. వెంకటేశ్వరస్వామి గుడి పార్కింగులో చూస్తే ఏడుగురు పట్టే వ్యానులూ ఎత్తు కార్లే కనిపిస్తాయి, మాదీ అందులో ఒకటి. నేను కారు నేర్చుకున్నది గుంటూరులో, నాన్నగారి మారుతి 800 మీద. క్లచ్ తొక్కి గేరు మార్చడంలో ఉన్న సరదా ఈ దేశం వచ్చాక పోయింది. పదహారేళ్లుగా ఎడమ కాలికి పని లేదు. నాకు కావలసింది వేగం కాదు, ఆ కాలికి మళ్లీ పని.

ముప్పై వేల డాలర్లు దాటకూడదని గట్టిగా అనుకున్నాం. అప్పట్లో ఆ ధరలో, వెనక చక్రాలు నడిపే, చేత్తో గేరు వేసే కార్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి: మాజ్డా మియాటా, టయోటా జీఆర్86, దాని కవల సుబారు బీఆర్‌జెడ్. మస్టాంగ్ నాకు మరీ పెద్దది. కాబట్టి ఎంచుకోవడం తేలికే అనుకున్నాను, రివ్యూలు చదవడం మొదలుపెట్టే వరకు.

2022 ఫిబ్రవరి నుంచి మే వరకు శని ఆదివారాలు అదే పని. కంప్యూటర్లో ఒక పట్టిక వేసి, ఎవరు ఏ కారుకు ఎన్ని మార్కులిచ్చారో రాసుకుంటూ పోయాను. నెల తిరిగేసరికి పట్టిక నిండింది, నాకేమీ తెలియలేదు. అన్నిటికీ పదికి ఏడు దాటిన మార్కులే. మన సినిమా సమీక్షల్లో 2.75కీ 3కీ మధ్య ఎంత దూరముందో తెలిసినవాళ్లకే తెలిసినట్టు, ఇక్కడా 8కీ 8.5కీ మధ్య ఏదో రహస్య భాష నడుస్తోందని మాత్రం అర్థమయింది. అంకెల వరుస తీసేశాను. దాని స్థానంలో రెండు వరుసలు పెట్టాను: ఏమని సణిగారు, ఎక్కడ నడిపి సణిగారు.

ఆ రెండో వరుస నింపుతుంటేనే ఒకటి కంటపడింది. ఒక కొత్త మోడలు మీద ఐదు పత్రికల సమీక్షలు ఒకే రోజు, దాదాపు ఒకే గంటలో వచ్చాయి. ఐదింటిలోనూ అదే రంగు కారు, అదే కొండ మలుపు. సంగతేమిటంటే, కంపెనీలు పత్రికలవాళ్లను విమానంలో తీసుకెళ్లి, మంచి హోటల్లో దింపి, ముందే ఎంచిన దారుల్లో కారు నడిపిస్తాయి. ఫలానా రోజు ఫలానా గంట వరకు ఏమీ రాయకూడదని మాట తీసుకుంటాయి. ఆ తరవాత కూడా సమీక్షకుల ఇంటికి వారం రోజులకు కారు పంపుతాయి, కడిగి, తుడిచి, ట్యాంకు నింపి. వారం తరవాత వాళ్లు తాళాలు తిరిగిచ్చేస్తారు. టైర్లు మార్చే రోజు, బీమా కట్టే రోజు, వానలో నానే రోజు వాళ్ల లెక్కలోకి రావు.

అయితే డబ్బుకు అమ్ముడుపోతారా అంటే, అంత తేలిగ్గా నేననలేను. లాస్ ఏంజిలిస్ టైమ్స్‌లో కార్ల మీద రాసిన డాన్ నీల్‌కు 2004లో విమర్శ విభాగంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఆయన జనరల్ మోటార్స్ వారి పాంటియాక్ జీ6 అనే కారును ఏకిపారేసి, అలాంటి కార్లు చేయిస్తున్న పెద్దలను మార్చాలన్నట్టు రాస్తే, ఆ కంపెనీ పత్రికకు ప్రకటనలు ఆపేసింది. కొన్ని నెలల తరవాత మళ్లీ ఇచ్చింది. కుండబద్దలు కొట్టేవాళ్లు ఉన్నారు, కొడితే ఏమవుతుందో మిగతావాళ్లకు తెలుసు. ఇక కన్స్యూమర్ రిపోర్ట్స్ అనే వినియోగదారుల పత్రిక సంగతి వేరు. వాళ్లు ప్రకటనలు తీసుకోరు. కారును మనలాగే, పేరు చెప్పకుండా డీలరు దగ్గర కొని పరీక్షిస్తారు. గ్రంథాలయంలో కూర్చుని పాత సంచికలు తిరగేశాను. నిజాయితీకి వంక పెట్టలేం గాని, మియాటా గురించి చదువుతుంటే పెళ్లిచూపుల్లో పిల్ల పళ్లు లెక్కపెడుతున్న పెద్దమనిషి గుర్తొచ్చాడు.

నాకు తోచినంతలో సమీక్షకుల అసలు బలహీనత ప్రేమ. ఏటా పదుల కొద్దీ బరువైన, ఎత్తైన, నిద్రపుచ్చే కార్లు నడిపి నడిపి విసిగినవాళ్లు, ఒక తేలికపాటి చిన్న కారు దొరికేసరికి చిన్నపిల్లలైపోతారు. అందులోనూ మియాటా వాళ్ల సొంత బిడ్డ. 1970ల చివర్లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటోమొబైల్ విలేకరిని, మీరైతే మాజ్డా ఏ కారు చేయాలంటారని కెనిచి యమమోటో అడిగారు. అప్పట్లో ఆ కంపెనీలో పరిశోధన చూస్తున్న పెద్ద ఆయన. పాత బ్రిటిష్ కార్ల మాదిరి, పైకప్పు తెరుచుకునే, చవకైన తేలిక కారు చేయండని హాల్ చెప్పారు. తరవాత ఆయన మాజ్డాలోనే చేరారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో ఆ కారు బయటికొచ్చింది. విలేకరి నోట పుట్టిన కారును విలేకరులు పొగడకపోతే ఆశ్చర్యపోవాలి. కాకిపిల్ల కాకికి ముద్దు.

జీఆర్86 విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. ఒకాయన వెనక భాగం చక్కగా, చెప్పి మరీ జారుతుందని మురిసిపోయాడు. ఇంకొకాయన రోడ్డుకు అతుక్కుపోయిందని, జారించాలంటే కష్టపడాలని రాశాడు. ఇద్దరూ అనుభవజ్ఞులే. ఒకరు అబద్ధమాడుతున్నారనుకుని ఇద్దరినీ పక్కన పెట్టబోయాను. మూడోసారి చదివినప్పుడు చివరి పేజీలోని చిన్నక్షరాల వివరాలు చూశాను. మొదటాయన నడిపింది 17 అంగుళాల చక్రాలున్న తక్కువ రకం, మిషెలిన్ ప్రైమసీ టైర్లు. రెండో ఆయనది 18 అంగుళాల చక్రాలున్న పై రకం, పైలట్ స్పోర్ట్ 4 టైర్లు. కారు ఒకటే, పాదరక్షలు వేరు. ఒకరు పొలం చెప్పులతో, ఒకరు పరుగు పందెం బూట్లతో నడిచి ఒకే దారి గురించి తగువాడుకుంటున్నారు. అప్పటినుంచి ఏ సమీక్ష చదివినా ముందు చివరి పేజీ తిప్పి టైర్ల పేరు చూస్తున్నాను.

అలాగే, సున్నా నుంచి గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి ఇన్ని సెకన్లని రాస్తారే, అందులోనూ ఒక మెలిక ఉంది. ఇక్కడి పెద్ద పత్రికల్లో చాలావాటికి కారు కదిలిన మొదటి అడుగు దూరం లెక్కలోకి రాదు. తిన్నని దారిలో జరిగే డ్రాగ్ కారు పందేల నుంచి వచ్చిన ఆచారం. దానివల్ల సెకనులో మూడో వంతు దాకా కలిసొస్తుంది. దాచిపెట్టరు, ఎలా కొలుస్తారో వాళ్లే రాస్తారు, మనమే చదవం. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 5 మైళ్ల వేగం నుంచి 60కి పట్టే సమయం కూడా విడిగా ఇస్తుంది. ఇంజన్ను ముందే గర్జింపజేసి క్లచ్ వదిలే వీలు అందులో లేదు గనుక నాలాంటివాళ్లకు అదే అసలు అంకె.

ఈ చదువంతటిలో నాకు పనికొచ్చిన కిటుకు ఒక్కటే, అదీ అనుకోకుండా దొరికింది. ఒక కారు గురించి నిజం కావాలంటే దాని సమీక్ష చదవకూడదు. దాని తరవాత వచ్చిన కారు సమీక్ష చదవాలి.

మొదటి తరం బీఆర్‌జెడ్, దాని కవల 2012లో వచ్చినప్పుడు పండగ చేసుకున్నారు. రెండు లీటర్ల ఇంజను, 200 హార్స్‌పవర్. ఇంజను వేగం నిమిషానికి సుమారు 3,500 నుంచి 4,500 చుట్ల మధ్య ఉన్నప్పుడు లాగే శక్తి పడిపోయే గుంట ఒకటి ఉందని, కాస్త బలం ఉంటే బాగుండునని కొందరు రాశారు, ఎక్కువగా వ్యాసం చివరి భాగంలో. 2022 మోడలు 2.4 లీటర్లతో, 228 హార్స్‌పవర్‌తో వచ్చింది. ఇక చూడండి, ప్రతి సమీక్ష మొదట్లోనే ఆ గుంట ప్రస్తావన: ఎట్టకేలకు పూడ్చారట. పదేళ్లు ఆ గుంటలో పడి లేచిన యజమానులు ఎవరికి చెప్పుకోవాలి?

మియాటాదీ అంతే. నాలుగో తరం కారుకు 2016లో ప్రపంచ ఉత్తమ కారు బహుమతి వచ్చింది. అమెరికాలో అప్పుడు దాని బలం 155 హార్స్‌పవర్. 2019 మోడలుకు 181 చేసి, ఇంజను గరిష్ఠ వేగాన్ని 6,800 నుంచి 7,500కు పెంచితే, పాతది పై వేగంలో ఆయాసపడేదని అప్పుడు రాశారు. స్టీరింగును ముందుకూ వెనక్కూ జరుపుకునే వీలు కూడా ఆ ఏడాదే ఇచ్చారు. 2022 మోడలులో మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు వెనక చక్రానికి చిటికెడు బ్రేకు వేసి ఒరుగుదల తగ్గించే ఏర్పాటు పెట్టారు. అంతకుముందు "ఆ ఒరుగుదలే దాని అందం" అన్న ధోరణిలో రాసినవాళ్లు, ఇప్పుడు కుదురుగా ఉందని మెచ్చుకున్నారు. అబద్ధమని కాదు. కొత్త కోడలు వచ్చాకే పాత కోడలి వంట గురించి మాట్లాడే అత్తగారి తీరు అది.

ఈ లెక్కన 2019 మియాటా నాకు సరిపోతుందనిపించింది. పెద్ద లోపాలు దిద్దేశారు, మిగిలినవి 2022 సమీక్షల్లో చదివేశాను, వాటితో బతకగలను.

అప్పుడు వెళ్లాను నడిపి చూడటానికి. షోరూము గేటు దాటేలోపు మూడుసార్లు ఇంజను ఆగిపోయింది. పక్క సీటులో కుర్రాడు మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాడు. నాలుగోసారి ఎడమ కాలికి గుంటూరు గుర్తొచ్చింది. రెండో గేరు నుంచి మూడో గేరుకు వెళ్లేటప్పుడు మోచెయ్యి కదలలేదు, మణికట్టు మాత్రమే కదిలింది. పెన్ను మూత పెట్టినట్టు టక్కుమని కూర్చుంది. ఆ గేరు గురించి సమీక్షకులు రాసిన ప్రతి అక్షరం నిజం. చేతికి, పాదానికి, వెన్నుకు తెలిసే సంగతుల్లో వాళ్ల మాట మీద నాకు ఆ రోజు నమ్మకం కుదిరింది. వందల కార్లు నడిపిన చేతులవి, నా చేతికి పేరు పెట్టడం రాని తేడాను వాళ్లు పేరు పెట్టి చెప్పగలరు.

ఇరుకు గురించి మాత్రం వాళ్ల మాట నాకు వర్తించలేదు. మోకాళ్లు తగులుతాయి, తల పైకప్పుకు ఆనుతుంది అని దాదాపు అందరూ రాశారు. రాసింది ఆరడుగుల మగవాళ్లు. నేను ఐదడుగుల రెండంగుళాలు. నాకు ఆ కారు ఎక్కడా ఇరుకు కాలేదు. నాకొచ్చిన ఇబ్బంది వేరు: బానెట్ ముందు అంచు ఎక్కడుందో కనబడదు, పైకప్పు వేసి ఉంటే వెనక పక్క మూలలో లారీ ఉన్నా తెలియదు. ఈ ముక్క ఎవరూ నొక్కి చెప్పలేదు. సమీక్ష చదివే ముందు రాసినవాళ్ల ఎత్తు కూడా తెలిస్తే బాగుండును.

షోరూము చుట్టూ ఇరవై నిమిషాలు తిప్పితే ఏం తెలుస్తుంది? అందుకని అచ్చం అలాంటి కారునే ఒకాయన దగ్గర రెండు రోజులకు అద్దెకు తీసుకున్నాను. నాలుగు నెలల చదువు ఒక ఎత్తు, ఆ రెండు రోజులు ఒక ఎత్తు.

శనివారం పొద్దున్నే నేనూ అమ్మాయీ ఐ-40 రహదారి ఎక్కి పడమటి కొండల వైపు బయలుదేరాం. పైకప్పు వేసే ఉంది. 70 మైళ్ల వేగంలో లోపల చప్పుడు ఎన్ని డెసిబెల్సో పత్రికలు కొలిచి అచ్చు వేస్తాయి. ఆ అంకె నా పట్టికలో ఉంది కూడా. కాని అంకెకు చప్పుడు ఉండదు కదా. గ్రీన్స్‌బరో దాటుతుండగా గుంటూరు నుంచి అమ్మ ఫోను చేసింది. "ఏమిటే ఆ హోరు? లారీ ఎక్కావా?" అంది. పక్కన పెద్ద ట్రక్కు వెళ్తోందని సర్దిచెప్పబోయాను. ట్రక్కు వెళ్లిపోయింది, హోరు వెళ్లలేదు. "దిగాక చెయ్యి" అని పెట్టేసింది. మూడు గంటల ప్రయాణంలో అమ్మాయి నాతో మాట్లాడాలంటే అరవాల్సి వచ్చింది, కాసేపటికి మానేసి నిద్రపోయింది.

బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఎక్కాక పైకప్పు తీశాం. కొక్కెం విప్పి, ఒక్క చేత్తో వెనక్కి తోసేస్తే ఐదారు సెకన్లలో మడతపడి కూర్చుంటుంది, సీటు దిగక్కర్లేదు. ఆ దారి మీద 45 మైళ్లు దాటకూడదు. స్పోర్ట్స్ కారులో 45 ఏమిటని మా ఆయన ముందే ఎగతాళి చేశారు. కాని ఈ కారు బరువు వెయ్యీ అరవై కిలోలు, అటూ ఇటూగా. మా నాన్నగారి మారుతి కన్నా నాలుగు వందల కిలోలు ఎక్కువ, మా ఇంటి వ్యానులో సగం. 40లో కూడా మలుపు మొదలైన క్షణం, చక్రాలు పట్టుకున్న క్షణం విడివిడిగా వెన్నుకు తెలుస్తాయి. గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టు ఉండాలని మాజ్డావాళ్లు పెట్టుకున్న జపనీస్ మాట ఒకటుంది, జిన్‌బా ఇట్టాయ్. ప్రకటనల మాట అని కొట్టిపారేశాను ఇంట్లో. ఇక్కడ రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి గనుక కొట్టిపారేయలేకపోయాను.

ఆదివారం సాయంత్రం తిరిగొస్తూ ఇండియన్ స్టోరు దగ్గర ఆగాను. డిక్కీ 4.6 ఘనపుటడుగులని రాసి ఉంటుంది, అంటే 130 లీటర్లు. నేను ఇరవై పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు పడుకోబెట్టి చూశాను. పైన కూరగాయల సంచీ ఒకటి పట్టింది. కొత్తిమీర అమ్మాయి ఒళ్లో పెట్టుకుంది. లోపల గ్లవ్ బాక్సు లేదు, కాగితాలు రెండు సీట్ల మధ్య వెనక అరలో పెట్టుకోవాలి. నీళ్ల సీసా పెట్టుకునే చోటు మోచేతి వెనక ఉంది. దాని మీద మాత్రం సమీక్షకులు పేజీలు రాశారు. వాళ్లు కారులో కాఫీ ఎక్కువ తాగుతారు కాబోలు.

ఇక కొనడం. జీఆర్86 కూడా ఒకసారి చూద్దామని వెళ్తే, ఆ డీలరు కారు మీద రాసిన ధరకు పైన ఇంకో ఐదు వేలు కలిపి ఒక కాగితం అంటించాడు. మార్కెట్ సర్దుబాటట. సమీక్షల్లో "ఈ ధరకు దీన్ని మించింది లేదు" అన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఆ ధర షోరూములో లేదు. ధర మారిందంటే తీర్పు కూడా మారాలి కదా, కాని అచ్చయిన సమీక్ష మారదు. దాంతోపాటు 2018లో, ఆ కారు మొదటి తరంలో కొన్నిటిని ఇంజను వాల్వు స్ప్రింగుల లోపం దిద్దడానికి కంపెనీ వెనక్కి పిలిచిన (రీకాల్) సంగతి కూడా అప్పటికి చదివి ఉన్నాను. 2013 మోడలు కార్లకు ఆ లోపం బయటపడటానికి అయిదారేళ్లు పట్టింది. వారం రోజులు నడిపినవాళ్లకు అది తెలిసే దారే లేదు, వాళ్లను తప్పుపట్టడం అన్యాయం.

ఆగస్టులో 24 వేల మైళ్లు తిరిగిన బూడిద రంగు 2019 మియాటా దొరికింది. డబ్బు కట్టేముందు, అమ్మకంతో సంబంధం లేని ఒక మెకానిక్కుకు చూపించాను. ఆయన బానెట్ ఎత్తడానికి ముందే టైరు పక్కన మోకాలి మీద కూర్చుని, టార్చి వేసి, గోడ మీద అచ్చుపోసిన నాలుగంకెలు చదివాడు: 3118. అంటే 2018లో 31వ వారం తయారీ. గాడి లోతు ఇంకా ఉంది, రబ్బరు మాత్రం బిగుసుకుపోతోంది. "వాన పడినప్పుడు ఇవి మీ మాట వినవు" అన్నాడు. నాలుగు టైర్లు మార్చే ఖర్చు ధరలో తగ్గించమని అడిగాను, సగం తగ్గించారు. నాలుగు నెలల రివ్యూల వల్ల నాకు మిగిలిన డబ్బు సున్నా. ఆ ఒక్క గంటలో మిగిలింది ఆయన రుసుముకు రెట్టింపు.

తరవాతి వసంతంలో ఇంకో పాఠం. మా వీధి నిండా పైన్ చెట్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో పసుపు పుప్పొడి ఊరంతా పసుపు చల్లినట్టు పడుతుంది, మిగతా కాలమంతా సూదుల్లాంటి ఆకులు. గుడ్డ పైకప్పు మీద పడిన వాననీరు, సీట్ల వెనక రెండు పక్కలా ఉన్న సన్నని దారుల గుండా కిందికి పోతుంది. నేను వాటిని ఒక్కసారి కూడా శుభ్రం చేయలేదు. పైన్ ఆకులు అడ్డుపడి, ఒక జడివాన తరవాత సీటు వెనక తివాచీ తడిసి ముద్దయింది. రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాం. కారు వెంట వచ్చిన పుస్తకంలో శుభ్రం చేసుకోమని ఉంది. నేను చదివిన సమీక్షల్లో లేదు. ఎలా ఉంటుంది? కడిగి తుడిచి పంపిన కారు కదా. ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం దీపం పెట్టాక, సన్నని ప్లాస్టిక్ తీగతో ఆ పని చేసి వచ్చి కాఫీ తాగుతాను.

2024 మొదట్లో కొత్త మోడలు సమీక్షలు వచ్చాయి. కొనే పని లేకపోయినా అలవాటు కొద్దీ చదివాను. స్టీరింగు కింద చక్రాలను తిప్పే పళ్ల కడ్డీని మార్చి రాపిడి తగ్గించారట, ఇప్పుడు స్టీరింగును తిన్నగా ఉన్న చోటు నుంచి కాస్త తిప్పగానే స్పర్శ స్పష్టంగా తెలుస్తోందట. పాత కార్లలో అక్కడ కొంచెం మొద్దుతనం ఉండేదట. పాత కార్లంటే నాది.

ఆ ఆదివారం జోర్డన్ లేక్ దారిలో ఒక గంట తిప్పి, ఆ మొద్దుతనం కోసం వెతికాను. ఏడాదిన్నరగా రోజూ నడుపుతున్న కారు, నాకెప్పుడూ తెలియలేదు. ముప్పావుగంటకు దొరికింది. ఎడమకు ఒక వేలెడంత తిప్పేటప్పుడు, ఔను, ఉంది. ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "చదవడం దేనికి, వెతకడం దేనికి?" అన్నారు. పోనీలే అనుకున్నాను గాని, మర్నాడు ఆఫీసుకు వెళ్తుంటే మొదటి మలుపులోనే మళ్లీ తగిలింది.